తోటి డాక్టరు మాట

గురువారం లోపల చెయ్యవలసినవి ఇవి:

మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితం, ఈమధ్య కట్టిన రెన్యూవల్ రసీదుతో సహా, చేతికందేలా పెట్టాలి.
డిగ్రీ పటానికి చెద పట్టిన చెక్క తీయించి కొత్త ఫ్రేము వేయించాలి.
పసుపు, ఎరుపు, నీలం చెత్త డబ్బాలు ఏలూరు నుంచి తెప్పించాలి. ఏ డబ్బాలో ఏది వెయ్యాలో రత్న ఇంకోసారి చదువుకోవాలి.
సూదులు కత్తిరించే మిషను బాగుచేయించాలి.
గడువు దాటిన శాంపిల్ మందులు పారెయ్యాలి.
ఫీజు గోడ మీద రాయించాలి.
బాత్రూము తలుపుకి గడియ.
తోటి డాక్టరు మాట.

చివరిది తప్ప అన్నీ బుధవారం సాయంత్రానికి అయిపోయాయి.

ఈ సీరియల్ని ఈ వారమే మొదలుపెట్టినవాళ్ళు ఇబ్బంది పడకూడదు కాబట్టి కథ ఎక్కడుందో నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. కైకలూరు మెయిన్ రోడ్డులో, ఐసు ఫ్యాక్టరీకీ చేపల మేత కొట్లకీ మధ్య, డాక్టర్ పాపారావు పద్దెనిమిదేళ్ళ నుంచి ప్రాక్టీసు చేస్తున్నాడు. ముదినేపల్లి పొలాల్లో కూలికెళ్ళిన అమ్మా నాన్నలకి పుట్టి, మిషనరీ హాస్టల్లో చదువుకుని, కాకినాడలో ఎంబీబీఎస్ చేసినవాడు. ఆ ఇంట్లో మెడలో స్టెతస్కోపు వేసుకున్న మొదటి మనిషి. భార్య రత్నకుమారి నర్సు ట్రైనింగు అయినావిడ. క్లినిక్కులో ఇంజక్షన్లూ కట్లూ ఆవిడ చేతిమీదే నడుస్తాయి.

ఆర్నెల్ల కిందట సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల, డాక్టర్ ఇందుజ క్లినిక్కు తెరిచింది. చేపల చెరువుల వెంకట్రాజు గారి అమ్మాయి. చదువైపోయిన కొత్తలో ఒక ఏడాది పాపారావు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని పని నేర్చుకున్న పిల్ల. ఆ తరవాతే చెరువుల సంఘం వాళ్ళు ఒక బీమా కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. చెరువుల యజమానులకీ, వాటి మీద పనిచేసేవాళ్ళకీ, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళకీ కార్డులు ఇచ్చారు. కార్డు చూపిస్తే డాక్టరు ఫీజు కంపెనీయే ఇచ్చుకుంటుంది. అయితే ఎవరి దగ్గరికి పడితే వాళ్ళ దగ్గరికి పోవడానికి లేదు. కంపెనీ వాళ్ళు వచ్చి, కళ్ళతో చూసి, కాగితాలు సరిచూసి ప్యానెల్లో చేర్చుకున్న కుటుంబ వైద్యుడి దగ్గరికే పోవాలి. ఇందుజ పేరు చేరింది. పాపారావు ఫైలు మాత్రం ఏలూరు ఆఫీసులోనే కూర్చుంది. ఈలోగా ఆయన బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

కిందటి వారం చివర్లో కబురొచ్చింది. గురువారం వెరిఫికేషన్ ఆఫీసరు వస్తాడు. అదే ఊళ్ళో ఇప్పటికే ప్యానెల్లో ఉన్న డాక్టరు ఒకరు పాపారావు పనితనం గురించి ఆఫీసరు ఎదుట నోటితో చెప్పాలి. కైకలూరులో ప్యానెల్లో ఉన్న డాక్టరు ఒక్కరే. రోడ్డుకి అవతల ఉన్నావిడ.

పాపారావు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ వారం ఆయన చేసిన పని చదివాక మీరు ఒప్పుకోకపోవచ్చు. కానీ ఓర్వలేనితనం జ్వరం లాంటిది కాదు, థర్మామీటరు పెడితే బయటపడటానికి. పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఆయన చూపు తన వరండా మీద పడేది కాదు. అవతలి మెట్ల మీద పడేది. అక్కడ విప్పిన చెప్పుల్ని బట్టి ఎవరెవరొచ్చారో చెప్పగలడు. పట్టీలున్న తోలు చెప్పులైతే మేత కొట్టు వాళ్ళు, పోనీలే అనుకునేవాడు. బురద ఎండిన రబ్బరు చెప్పులైతే కొల్లేటి లంకల వాళ్ళు. అంటే తనవాళ్ళు. ఆ రబ్బరు చెప్పులు చూసిన రోజు ఆయనకి కాఫీ చేదుగా ఉండేది.

అన్నిటికన్నా బాగా గుచ్చుకున్నది ఒక ముసలాయన మంచి మనసుతో అన్న మాట. "ఆ డాక్టరమ్మ కూడా అచ్చం మీలాగే అరచెయ్యి తిప్పి చూస్తారండి. 'ఎప్పటి నుంచీ?' అని అడగడం కూడా మీలాగేనండి. కళ్ళు మూసుకుంటే మీరే అనుకుంటాం." పాపారావు నవ్వి ఊరుకున్నాడు. తన చెయ్యి తనకే పరాయిదైనట్టనిపించింది.

బుధవారం సాయంత్రం రత్నకుమారి కొత్త చెత్త డబ్బాలు తుడిచి వరసగా పెడుతూ అడిగింది.

"ఏవండీ, రోడ్డు దాటి ఒక్క మాట అడిగితే ఏం పోతుంది?"

"ఏం పోదు. మర్యాద ఒక్కటే పోతుంది."

"ఆ పిల్ల మన వంటింట్లో పీట వేసుకుని కూర్చుని అన్నం తిన్నదండీ."

"అందుకే అడగలేను. అన్నం పెట్టిన చేత్తో దోసిలి పట్టడం నావల్ల కాదు. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడం అంటే విన్నాం. గుడ్డొచ్చి పిల్లకి కాండక్టు సర్టిఫికెట్ ఇవ్వడం ఎక్కడైనా ఉందా?"

"ఆఫీసరు అడిగితే ఏం చెబుతారు?"

"తాడేపల్లిగూడెంలో మా క్లాస్‌మేట్ ఉన్నాడు. అతని పేరు చెబుతాను."

"అదే ఊరి డాక్టరు అన్నారు కదండీ వాళ్ళు."

పాపారావు సూదుల మిషను మీద దుమ్ము దులుపుతూ కూర్చున్నాడు. రత్నకుమారి రెట్టించలేదు. మొగుడు నోరు మూసుకున్నాడంటే తన పని తాను చేసుకోమని అర్థం అని ఆవిడ ఎన్నో ఏళ్ళ కిందటే తీర్మానించుకుంది.

గురువారం పొద్దున ఆఫీసరు కన్నా ముందు ఇంకెవరో వచ్చారు.

రెండు షేర్ ఆటోలు వచ్చి ఆగాయి. వాటిలోంచి దిగుతున్నవాళ్ళు ఎంతకీ తరగరు. ముందు సువార్తమ్మ దిగింది. చేపల మార్కెట్లో బుట్ట పెట్టుకునే ముసలావిడ, మండవల్లి అవతల లంకలో ఆవిడ మాటకి పాస్టరు గారు కూడా ఎదురు చెప్పరు. ఆవిడ వెనకాల స్త్రీల సమాజం వాళ్ళు, వాళ్ళ వెనకాల ఇద్దరు ముగ్గురు మగాళ్ళు. అందరూ ఆదివారం గుడ్డలు కట్టుకున్నారు.

"ఏంటి సువార్తమ్మా, ఊరంతా జబ్బు పడ్డారా?" అన్నాడు పాపారావు.

"మాకేం జబ్బు బాబూ. మీ మీద ఎంక్వైరీ అంటగా. ఏలూరు నుంచి ఆఫీసరు వస్తున్నాడంటగా. మేం ఉండగా మీ మీద ఈగ వాలనిస్తామా?"

"ఎంక్వైరీ కాదమ్మా. చూసిపోవడానికి వస్తున్నారంతే."

"ఏదో ఒకటి. సాక్ష్యం చెప్పేసి పోతాం."

ఇక్కడ లంక ఊళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. ప్రార్థన కూటాల్లో సాక్ష్యం చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఒకరి తరవాత ఒకరు లేచి నిలబడి, తమకి జరిగిన మేలు పదిమందిలో చెప్పాలి. చెప్పేటప్పుడు మేలుని తగ్గించి చెప్పడం కృతఘ్నత. కుట్టింది ఏ పురుగో తెలియకపోతే తాచుపామనే చెప్పాలి. రెండు రోజుల జ్వరమైతే మంచం పట్టాననాలి. వినేవాళ్ళకీ ఆ లెక్క తెలుసు కాబట్టి అక్కడ అది అబద్ధం కిందికి రాదు. ఏలూరు నుంచి వచ్చే ఆఫీసరుకి ఆ లెక్క తెలియదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆఫీసరు పేరు క్రాంతి కుమార్. కుర్రవాడే, నెమ్మదస్తుడు. చొక్కా లోపలికి దోపుకుని, ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాడు. కాగితాలు చూశాడు. డిగ్రీ పటం ముందు నిలబడి అక్షరం అక్షరం చదివాడు. డబ్బాల దగ్గర రత్నకుమారిని ఏది ఎందులో వేస్తారని అడిగితే ఆవిడ బడిపిల్లలా తడుముకోకుండా అప్పజెప్పింది. బాత్రూము గడియ వేసి తీసి చూశాడు. అన్నిటికీ టిక్కులు పడ్డాయి.

"ఇంక రోగులతో కూడా ఓ మాట మాట్లాడాలండి. ఎవరైనా ఇద్దరు చాలు," అన్నాడు.

బెంచీ మీద ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"అందరూ అక్కర్లేదండి."

"కూర్చోండే అందరూ," అని కసిరింది సువార్తమ్మ, తాను నిలబడే ఉండి. "చూడండి బాబూ. మా మనవరాలికి పడవలో నొప్పులొచ్చాయి. తెడ్డు వేసేవాడు భయపడి తెడ్డు వదిలేశాడు. ఈ మహానుభావుడు మోకాటిలోతు నీళ్ళల్లో దిగొచ్చి, పడవలోనే కానుపు చేసి, తల్లినీ పిల్లనీ ఒడ్డెక్కించారు."

క్రాంతి కుమార్ రాసుకున్నాడు. ఆవిడ పక్కన కూర్చున్నావిడ లేచింది.

"నాకు దవడపన్ను పీకారండి. పైసా పుచ్చుకోలేదు."

"పన్నా?" అన్నాడు క్రాంతి కుమార్.

"ఆయ్. ఇదిగోండి," అని ఆవిడ నోరు తెరిచి చూపించింది.

ఇంకొకతను లేచాడు. "మా చెరువులో రొయ్య తేలిపోతుంటే సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి చూపించానండి. వాసన చూసి ఏం చల్లాలో చెప్పారు. సగం పంట దక్కింది."

క్రాంతి కుమార్ పెన్ను నెమ్మదించింది. ప్యానెల్ డాక్టరు తన చదువుకి మించిన వైద్యం చెయ్యరాదని కంపెనీ రూలు. ఆ సంగతి పాపారావుకి తెలుసు.

"మా గేదె ఈనలేక పడిపోతే డాక్టరు గారు ఆదివారం ఆరాధనలోంచి లేచి వచ్చారండి," అంది వెనక నుంచి ఒక సన్నటి గొంతు. "దూడ బతికింది. దానికి పాపారావనే పేరు పెట్టుకున్నాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. క్రాంతి కుమార్ తల వంచుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడో విసుగు ఆపుకుంటున్నాడో తెలియలేదు.

"ఇవన్నీ రాయమంటారా సార్?"

రత్నకుమారి అందుకుంది. "కానుపు రాసుకోండి బాబూ. పన్ను కదిలిపోయి ఊడేదే, చేత్తో తీశారంతే. రొయ్యనీ గేదెనీ మీ కంపెనీ కార్డులో చేర్చలేదు కదా, వాటిని వదిలెయ్యండి."

ఈసారి క్రాంతి కుమార్ పైకే నవ్వాడు. పాపారావుకి ఊపిరి ఆడింది.

అప్పుడు యోసేపు లేచాడు. ఏభై దాటిన మనిషి, ఎండిన తాటిమట్టలా ఉంటాడు. వెంకట్రాజు గారి చెరువు మీద కాపలా, మేత చల్లడం అతని పని. అంటే ఇందుజ తండ్రి దగ్గర జీతగాడు.

"నాకూ కార్డు ఇచ్చారండి," అన్నాడు యోసేపు. "అది పట్టుకుని ఎదురుగా మా అమ్మాయిగారి దగ్గరికి పోవచ్చు. మా రాజుగారు పొమ్మన్నారు కూడా. నేను పోలేదండి. కార్డు ట్రంకు పెట్టెలో పడేశాను. మా డాక్టరు గారి పేరు అందులోకొచ్చిన రోజున తీస్తాను. నా పెళ్ళానికి టీబీ అయితే ఈయనే..."

అక్కడ మాట ఆగిపోయింది. "కొంచెం ఆయాసంగా ఉందండి. కూర్చుని చెబుతాను," అని బెంచీ మీద కూలబడ్డాడు.

పాపారావు ఛాతీ ఒక్కసారి పొంగింది. వెంకట్రాజు ఉప్పు తింటూ, ఆయన కూతురి గుమ్మం తొక్కకుండా తన దగ్గరికి వచ్చిన మనిషి. ఆ మాట ఆఫీసరు విన్నాడు. రోడ్డుకి అవతల కూడా వినబడితే ఎంత బాగుండేది అనిపించింది. ఆ పొంగులోనే యోసేపు భుజం పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు.

"ఎప్పటి నుంచీ?"

"పొద్దున మేత బస్తా ఎత్తినప్పటి నుంచండి. రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టుంది. ఎడం చెయ్యి గుంజుతుంది. దవడ కూడానండి."

"మరి ఆటో ఎక్కి ఎందుకొచ్చావు?"

"సాక్ష్యం చెప్పాలి కదండీ."

పాపారావు చొక్కా గుండీలు విప్పి స్టెతస్కోపు ఆన్చాడు. ఒంటి మీద చల్లటి చెమట. వేళ్ళ కింద నాడి సరిగ్గా నడవడం లేదు. పద్దెనిమిదేళ్ళ చెయ్యి అది, దానికి తెలుసు. ఈ మనిషికి ఇప్పుడే ఈసీజీ తీయాలి. తన దగ్గర ఆ మిషను లేదు. ఫారంలో తానే స్వయంగా రాసి సంతకం పెట్టాడు: ఈసీజీ అవసరమైన రోగులు ఎదురుగా ఉన్న డాక్టర్ ఇందుజ క్లినిక్కుకు పంపబడుదురు.

తలుపు సందులోంచి రోడ్డు కనిపిస్తోంది. రోడ్డు అవతల ఆ మెట్లు కనిపిస్తున్నాయి. ఈ బెంచీల మీద కూర్చున్న జనమంతా చూస్తుండగా, ఆఫీసరు చూస్తుండగా, 'నీ గుమ్మం తొక్కను' అన్న ఈ ఒక్క మనిషిని తానే చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కించాలి. వాడి రబ్బరు చెప్పులు కూడా అక్కడ విప్పాలి.

"రాత్రి ఏం తిన్నావు?"

"చేపల వేపుడండి. కొంచెం ఎక్కువే తిన్నాను."

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు పాపారావు ఆ వేపుడు పట్టుకున్నాడు. గ్యాసు కావచ్చు. బస్తా ఎత్తాడు కాబట్టి కండ పట్టేసి ఉండొచ్చు. కాకపోయినా, ఆఫీసరు వెళ్ళగానే పంపుదాం. ఎంతసేపు, కాసేపే కదా. కాసేపట్లో కొంప మునగదు.

"గ్యాసు పట్టిందిలే. ఇంజక్షన్ ఇస్తాను. ఆ చివర ఫ్యాను కింద కూర్చో. నేను చెప్పేదాకా కదలకు."

"అలాగేనండి," అన్నాడు యోసేపు. డాక్టరు గారు గ్యాసంటే గ్యాసే. రత్నకుమారి వచ్చి సూది వేసి వెళ్ళింది.

పాపారావు బయటికొచ్చేసరికి వరండాలో ఇందుజ ఉంది. నూలు చీర, మెడలో స్టెతస్కోపు, చేతిలో ఏమీ లేదు. రోడ్డు దాటి నడిచే వచ్చింది.

"నమస్తే సర్. ఆంటీ ఫోన్ చేశారు," అంది.

పాపారావు భార్య వంక చూశాడు. రత్నకుమారి నీలం డబ్బా మూత సర్దుకుంటోంది, ఆ మూతకి ఏదో తక్కువైనట్టు.

"మీరే పిలిస్తే బాగుండేది సర్," అంది ఇందుజ మెల్లగా. "నాలుగైదు రోజుల నుంచి చూస్తున్నాను, పిలుస్తారేమోనని. నాకై నేను వస్తే మీకేమనిపిస్తుందోనని ఆగాను."

"పనుల్లో పడి కుదరలేదమ్మా."

క్రాంతి కుమార్ లేచి నిలబడి ఆమెకి కుర్చీ చూపించాడు. పాపారావు అది గమనించాడు. తన కోసం అతను లేవలేదు. ఆ కుర్చీ తన క్లినిక్కుదే, తాను కొన్నదే.

"మేడం, పాపారావు గారి పని మీరు దగ్గరుండి చూశారా?"

"ఏడాది చూశానండి. నాకు చదువు కాకినాడ నేర్పింది, వైద్యం సర్ నేర్పారు."

"ఏదైనా ఒక సందర్భం చెబుతారా?"

"ఒకరోజు మండవల్లి నుంచి ఒకావిడ కడుపునొప్పితో వచ్చారు. నేను చూసి నులిపురుగుల మందు రాశాను. సర్ నా చేతిలో చీటీ తీసుకుని, ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసి, అపెండిక్స్ అన్నారు. బయటికెళ్ళి, పోతున్న చేపల వ్యాను ఆపి, ఐసు పెట్టెల మధ్య ఆవిణ్ణి పడుకోబెట్టి ఏలూరు పంపించారు. డ్రైవరు సరుకు పాడైపోతుందంటే, 'సరుకు మళ్ళీ పడుతుంది' అన్నారు. పైకి పంపవలసిన మనిషి అని తెలిస్తే సర్ ఒక్క క్షణం ఆగరండి. ఎవరి దగ్గరికి పంపుతున్నామని చూడరు. ఆ ఒక్కటీ నేను సర్ నుంచి నేర్చుకున్నాను."

బెంచీల మీద వాళ్ళు "నిజం, నిజం" అన్నారు. సువార్తమ్మ "స్తోత్రం" అంది.

పొగడ్త చెవిని పడితే ఎవరికైనా చల్లగా ఉంటుంది. పాపారావుకి లోపల మండింది. ఇంత తేటగా, ఇంత నిబ్బరంగా మాట్లాడటం తనకి ఏనాడూ రాలేదు. ఇంగ్లీషు మీడియం పిల్ల. నాన్న చెరువుల మీద పెరిగిన పిల్ల. ఆమె తనని పొగుడుతున్నట్టు లేదు, పై మెట్టు మీద నిలబడి చెయ్యి అందిస్తున్నట్టుంది. ఆ చెయ్యి పట్టుకోక తప్పదు. పట్టుకున్న సంగతి జీవితాంతం గుర్తుంటుంది.

క్రాంతి కుమార్ ఇచ్చిన కాగితం మీద ఇందుజ సంతకం చేసి లేచింది. వెళ్ళబోతూ ఫ్యాను కింద యోసేపుని చూసింది.

"ఏవండీ యోసేపు గారూ, ఇక్కడున్నారేంటి? ఒంట్లో బాగోలేదా?"

తండ్రి 'ఒరే' అని పిలిచే మనిషిని ఈ పిల్ల 'గారూ' అంటుంది. ఆ మంచితనం కూడా పాపారావుకి ముల్లులా తగిలింది.

"ఏం లేదు అమ్మాయిగారండి. గ్యాసంట."

ఇందుజ అతని మొహం వంక చూసింది. నుదుటి మీద చెమట చూసింది. ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. ఆమె చెయ్యి దానంతటదే స్టెతస్కోపు మీదికి పోయింది.

"సర్, ఇతన్ని ఒకసారి..."

"చూశానమ్మా," అన్నాడు పాపారావు. "ఇంజక్షన్ ఇచ్చాను. నా పేషెంటు."

చివరి రెండు మాటలూ కొంచెం గట్టిగా వచ్చాయి. క్రాంతి కుమార్ తలెత్తాడు. ఇందుజ చెయ్యి కిందికి దిగింది. సర్ పొరపాటు పడరని ఇప్పుడే నలుగురిలో చెప్పి, ఆ సిరా ఆరకముందే సర్ మాట కాదని ఎలా అంటుంది? నేర్పినాయన ఎదుట నిలబడిన పిల్ల అయిపోయింది.

"సరే సర్. సర్ చూశారు కదా, భయం లేదు," అని యోసేపుతో చెప్పి వెళ్ళిపోయింది. రోడ్డు మధ్యలో ఒకసారి ఆగి వెనక్కి చూసింది. లారీ హారన్ కొడితే దాటింది.

క్రాంతి కుమార్ చివరి పేజీ తిప్పాడు.

"ఒకటి రెండు ప్రశ్నలు సార్, రివాజుగా అడిగేవే. గుండె నొప్పి అనుమానం ఉన్నవాళ్ళు వస్తే ఏం చేస్తారు?"

"ఎదురుగా ఈసీజీకి పంపుతాను."

"ఎంతసేపట్లో?"

"రోడ్డు దాటేంతసేపు."

"ఇవాళ అలా పంపవలసినవాళ్ళెవరైనా వచ్చారాండీ?"

పాపారావుకి ఎడమ పక్కన, ఫ్యాను కింద ఉన్న మనిషి కంటికొసన కనిపిస్తూనే ఉన్నాడు. ఇప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క ముక్క. కానీ ఇప్పుడు చెబితే, ఇందాక ఎందుకు చెప్పలేదు అంటారు. ఆమె అడిగినప్పుడు ఎందుకు కాదన్నారు అంటారు.

"లేదండీ," అన్నాడు.

టిక్కు పడింది. క్రాంతి కుమార్ ఫైలు కట్టేసి చెయ్యి కలిపాడు. "ఫైలు రేపు హైదరాబాదు వెళ్తుంది సార్. ఇంక ఆగదు. లిస్టులో మీ పేరు చూసుకోవచ్చు."

సువార్తమ్మ వాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. పాపారావు చుట్టూ మూగి, చేతులు పట్టుకుని, దీవించి, ఆటో వాడు పిలుస్తుంటే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ మెట్లు దిగారు. ఆ సందట్లో పాపారావు గుమ్మం దాకా వెళ్ళి అందరికీ చెయ్యి ఊపాడు. ఆర్నెల్ల తరవాత మొదటిసారి ఎదుటి మెట్ల మీద చెప్పులు చూడటం మరిచిపోయాడు.

లోపలికి వచ్చేసరికి రత్నకుమారి ఫ్యాను కింద నిలబడి ఉంది. బెంచీ ఖాళీగా ఉంది.

"యోసేపుని మీరే పొమ్మన్నారా అండీ?"

"ఇక్కడే కూర్చోమన్నానే."

"ఆటోలో ఎక్కాడు. నేను డ్రెస్సింగు గదిలో ఉన్నాను. 'డాక్టరు గారి పని అయిపోయిందిగా, నాకూ నెమ్మదించింది, మళ్ళీ ఆటో దొరకదు' అన్నాడట, రెండో ఆటో ఎక్కబోతూ సువార్తమ్మ చెప్పింది." ఆవిడ బెంచీ మీద అరచెయ్యి ఆన్చి తీసింది. చెక్క తడిగా ఉంది. "ఏవండీ, ఇది గ్యాసు చెమటేనా?"

పాపారావు గుమ్మం వైపు చూశాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. నేనూ నర్సునే. ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు అతని చెయ్యి పట్టుకున్నాను. మీరు గ్యాసన్నారని నోరు మూసుకున్నాను."

"కాదు," అన్నాడు పాపారావు.

"మీకు తెలుసా?"

"తెలుసు."

రత్నకుమారి గోడకి ఆనుకుంది. తిట్టలేదు, ఏడవలేదు. రోగికి మందు చెప్పినట్టు చెప్పింది.

"స్కూటరు మీద వెంటపడి పట్టుకున్నా, దాని మీద కూర్చోబెట్టి తీసుకురాలేం. కారు కావాలి. మిషను కావాలి. తెలిసిన డాక్టరు కూడా ఉండాలి. మూడూ ఎదురుగానే ఉన్నాయి. వెళ్ళండి."

పాపారావు మెట్లు దిగాడు. ఇందుజ క్లినిక్కు ముందు ఆమె కారు వేప నీడన ఆగి ఉంది. ఆ క్లినిక్కు చూరు కిందే, ఏలూరు బస్సు కోసం, ఫైలు చంకలో పెట్టుకుని క్రాంతి కుమార్ నిలబడి ఉన్నాడు. పాపారావుని చూసి మర్యాదగా చెయ్యెత్తాడు. రోడ్డు దాటితే, ఆ కుర్రవాడి ముందు నుంచే, అతను వింటుండగానే, ఆమెకి చెప్పాలి: అబద్ధమాడాను. నీ మీద ఏడుపుతో ఒక మనిషిని ఆపాను. రా.

ఆ ఫైలు ఇంకా అతని చంకలోనే ఉంది. అందులో పడ్డ టిక్కు కొట్టెయ్యడానికి ఎంతసేపు?

మేత లారీ ఒకటి వెళ్ళింది. పాల వ్యాను వెళ్ళింది. రోడ్డు ఖాళీ అయింది. డాక్టర్ పాపారావు ఒక కాలు తారు మీద, ఒక కాలు తన మెట్టు మీద పెట్టి నిలబడ్డాడు.

ఆయన దాటాడా లేదా అన్నది ఆయన మనస్సాక్షికి వదిలేద్దాం, కాసేపు. మండవల్లి దారిలో ఒక షేర్ ఆటో పోతోంది. లోపల ఆడవాళ్ళు ఇంకా పాడుతున్నారు. డ్రైవరు పక్కన, సగం సీటు మీద, ఎడం చేతిని ఒళ్ళో పెట్టుకుని కుడి చేత్తో కమ్మీ పట్టుకున్న మనిషి వాళ్ళతో పాటు పాడబోయి, గాలి చాలక ఊరుకున్నాడు. పొద్దున్నుంచి ఎవరి పేరు లిస్టులో చేరుతుందా అని అందరం డాక్టరు గారి వంకే చూశాం. రాసినవాళ్ళమూ అంతే, చదివినవాళ్ళూ అంతే. ఈ వారం పుస్తకం మూసేటప్పుడు, దయచేసి, యోసేపుని గుర్తుపెట్టుకోండి.